మైనం గదిలో ఇత్తడి మూత

గదిలో ప్రతిదీ నల్లబడింది, ఒక్క ఇత్తడి మూత తప్ప.

లోపలికి అడుగు పెట్టగానే నా కన్ను దాని మీదే పడింది. గోడలు నలుపు, కప్పు నలుపు, నేల మీద గడ్డకట్టిన మైనం నలుపు. మధ్యలో నా నడుము ఎత్తున ఉన్న పెద్ద గంగాళం, అదీ నలుపే. దాని పక్కనుంచి నీళ్ళు పోసే గొట్టంలాంటి మెడ ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. ఆ మెడకు బిగించిన మూత మాత్రం అప్పుడే తోమిన చెంబులా మెరుస్తోంది. దాని సంగతి తర్వాత చూద్దామని మనసులో పెట్టుకున్నాను. మంట తగిలిన గదిలో తొందరపడి దేన్నీ ముట్టుకోకూడదు.

ఇది ఇంటికి ఆనుకునే ఉన్న కొవ్వొత్తుల కార్ఖానాలో మైనం కరిగించే గది. మొన్న ఉదయం కార్ఖానా యజమాని ఇందులోనే కాలిపోయి చనిపోయాడు. గది మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, దాదాపు అంతే ఎత్తు. కిటికీ లేదు. గట్టిపడుతున్న కొవ్వొత్తికి గాలి తగిలితే ఒంటి నిండా చారలు పడతాయట, అందుకని అసలు కిటికీయే పెట్టలేదు. తలుపు అంచుల పొడుగునా గుడ్డ పట్టీ కుట్టి, సందుల్లోంచి కూడా గాలి రాకుండా చేసుకున్నారు. కప్పు దగ్గర పొగ పోవడానికి అరచెయ్యంత కన్నం ఒకటి ఉంది. మనిషి చావడానికి ఇంతకంటే దిక్కుమాలిన చోటు ఉండదనిపించింది.

"ఏం లెక్కల మేడం, లెక్క తేలిందా?" గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ పలకరించాడు.

డిటెక్టివ్‌ని కాకముందు నేను ఇరవై ఏళ్ళు నూనెలు పరీక్షించే ల్యాబులో పనిచేశాను. డీజిల్ గానీ కిరసనాయిలు గానీ ఒక్క గ్రాము తూచి, ఉక్కు గిన్నెలో బిగించి, ఆ గిన్నెను నీళ్ళలో ముంచి లోపల నూనెను కాల్చేవాళ్ళం. చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత వేడెక్కాయో చూసి, ఆ నూనెకు ఎంత వేడి ఇచ్చే సత్తా ఉందో చెప్పేవాళ్ళం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఇతను నన్ను ఇంకో రకంగా పిలిచింది లేదు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. తెలివైనవాడే, కానీ మొదట తట్టిన ఆలోచనను పట్టుకుని వదలడు. అది నాకు ఒళ్ళుమంట.

"మీకు ఎలాగూ తేలిపోయింది కదా, మీరే చెప్పండి," అన్నాను.

"చెప్పడానికేముంది? పెద్దాయన లోపల గడియ పెట్టుకున్నాడు. అచ్చుల్లో మైనం పోసేటప్పుడు ఎవరూ తలుపు తియ్యకుండా రోజూ పెట్టుకుంటాడట. మైనం చిక్కబడిందని మళ్ళీ పొయ్యి వెలిగించి ఉంటాడు. పొయ్యిలో కిరసనాయిలు బదులు పెట్రోలు ఉంది, మా వాళ్ళు వాసన పట్టారు. భగ్గుమంది. వెనక్కి పడ్డాడు, తల వెనక దెబ్బ తగిలింది, మళ్ళీ లేవలేదు. ఊపిరితిత్తుల నిండా మసి ఉందని డాక్టరు పొద్దున్నే ఫోన్ చేశాడు. అంటే మంటలోనే ఊపిరి పీల్చాడు, పాపం. ఈ మాట ఇంకా ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు."

"పొయ్యిలో పెట్రోలు పోసిందెవరు?"

"రోజూ పొయ్యి నింపేది కూతురు. ఆ రోజు పొద్దున స్కూటర్ కోసమని డబ్బాలో పెట్రోలు తెచ్చింది కూతురు. ముందురోజు తండ్రితో గట్టిగా గొడవపడింది కూతురు. నాలుగింటికి స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. వాళ్ళ చిన్నాన్న మిమ్మల్ని పిలిపించాడు కాబట్టి మర్యాదకి ఆగాను."

అది నిజమే. నన్ను పిలిపించింది చనిపోయినాయన తమ్ముడు. నిన్న మా ఆఫీసుకు వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా పాపని కాపాడండి మేడం, అది చీమకి కూడా హాని చెయ్యదు," అని భోరుమన్నాడు. అది నటన కాదు. దొంగ ఏడుపులు నేను చాలా చూశాను.

గోడ గడియారం పన్నెండు దాటింది. నాలుగింటిలోపు ఏదో ఒకటి తేల్చకపోతే ఆ అమ్మాయి జైలు పాలవుతుంది.

పాపకి ఇరవయ్యారేళ్ళు. ఇంట్లో ముద్దుకి పెట్టిన పిలుపు అలాగే ఉండిపోయింది. ప్యాకింగ్ గదిలో అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. మైనం గది వైపు ఒక్కసారి తొంగి చూసి, మొహం తిప్పుకుని ఇక్కడికి వచ్చేసిందట.

"పొయ్యిలో ఏం పోశావమ్మా?"

"కిరసనాయిలే మేడం. పెట్రోలు వాసన తెలీదా నాకు? పుట్టినప్పటి నుంచి ఈ వాసనల్లోనే ఉన్నాను."

"మరి పెట్రోలు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"వరండాలో. సరుకు ఎక్కువుందని స్కూటర్ వదిలేసి బండి మాట్లాడుకుని వెళ్ళాను. డబ్బా అక్కడే ఉండిపోయింది. వచ్చాక చూస్తే లేదు."

"ఎన్నింటికి వెళ్ళావు?"

"తొమ్మిదింటికి. మూడు షాపుల్లో సరుకు దింపి వచ్చేసరికి పన్నెండయింది. అప్పటికే ఇంటి ముందు ఫైరింజను..." ఆపేసింది.

ఆమె తేరుకునేదాకా ఆగాను. తర్వాత గంగాళం గురించి అడిగాను. పని గురించి అడిగితే మనుషులు కాస్త కుదుటపడతారు.

"ఆ రోజు రెండు బస్తాల మైనం వేశాం, నేనూ చిన్నాన్నా కలిసి. యాభై కిలోలు. నేను వెళ్ళేటప్పటికి సగం కూడా కరగలేదు. ఆ గంగాళానికి రెండు గోడలు మేడం. మధ్యలో నీళ్ళుంటాయి, అరవై లీటర్లు. పొయ్యి వేడి నీళ్ళకి తగలాలి, నీళ్ళ వేడి మైనానికి తగలాలి. నేరుగా తగిలితే మైనం అంటుకుంటుంది. అందుకే పొయ్యి వెలుగుతుంటే నీళ్ళు తగ్గకూడదు. ఎవరు దగ్గరుంటే వాళ్ళు పొయ్యాలి. నాన్న నన్ను జన్మలో ఒక్కసారే కొట్టాడు, నీళ్ళు చూసుకోనందుకు."

"గొడవ కూడా నీళ్ళ గురించేనా?"

తల అడ్డంగా ఊపింది. "కార్ఖానా నా పేరు మీద రాస్తానన్నాడు. నాకొద్దన్నాను. నీతో సమానంగా చాకిరీ చేసిన తమ్ముడుంటే నాకెందుకిస్తావు, ముందు చిన్నాన్నకివ్వు అన్నాను. నాన్నకి కోపమొచ్చి గిన్నె విసిరేశాడు. ఇదే ఇన్‌స్పెక్టర్ గారికి చెప్తే నవ్వారు."

"ఈ సంగతి చిన్నాన్నకి చెప్పావా?"

"చెప్తే బాధపడతాడని చెప్పలేదు."

నేను నవ్వలేదు. ఆ పిల్ల మాటల్లో నాకు అబద్ధం కనబడలేదు. కానీ నాకు కనబడనంత మాత్రాన కోర్టు ఒప్పుకోదు.

చిన్నాన్న పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, భుజం మీద తువ్వాలు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ప్యాకింగ్ గదిలో ఉన్నాను మేడం. పొగ వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే తలుపుకి లోపల గడియ. పిలిచాను, పలకలేదు. గునపంతో తలుపు పెళ్ళగించాను. అప్పటికి మంట లేదు, పొగ ఒక్కటే. అన్నయ్య నేల మీద పడున్నాడు."

"లోపలికి వెళ్ళారా?"

"అడుగు పెట్టలేకపోయాను. చూడగానే తెలిసిపోయింది, పోయాడని. బయటికి పరిగెత్తుకొచ్చి ఫోన్ చేశాను."

"వాసన వచ్చినప్పటి నుంచి తలుపు పగిలేదాకా ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు. పది కూడా పట్టలేదు."

"ఫైరింజను వాళ్ళు లోపల నీళ్ళు కొట్టారా?"

"మంటే లేదుగా మేడం. అన్నయ్యని బయటికి తెచ్చారు, అంతే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పాపని తీసుకెళ్ళరు కదా?"

"చూద్దాం," అన్నాను.

తర్వాతి గంటంతా మోటు పనికే పోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళ చేత గంగాళంలో మిగిలిన మైనం, నేల మీద ఒలికిన మైనం, గోడలకు చిందిన మైనం మొత్తం గీకించి కార్ఖానా కాటా మీదే తూయించాను. వాళ్ళు నన్ను లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నారు. అచ్చులన్నీ ఖాళీగా ఉన్నాయి, అంటే ఒక్క కొవ్వొత్తి కూడా పోయలేదు. తూకం ముప్ఫై కిలోలు వచ్చింది. యాభైలో ఇరవై కిలోలు కాలిపోయిందన్నమాట. గంగాళం అంచుకు తగిలించిన అల్యూమినియం గరిటె కరిగి, కాడ మాత్రం మిగిలింది.

అట్టముక్క మీద పెన్సిల్‌తో నాలుగు అంకెలు వేశాను. మళ్ళీ మొదటి నుంచి వేశాను. అదే వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇలా రండి."

"ఇంకో రెండు గంటలే టైముంది మేడం. పాఠాలు వద్దు."

"పాఠమే. కిలో మైనం పూర్తిగా కాలితే పదివేల కిలోకేలరీల వేడి వస్తుంది, కాస్త అటూ ఇటూ. లీటరు నీళ్ళని ఒక్క డిగ్రీ వేడెక్కించేది ఒక కిలోకేలరీ. ఇక్కడ ఇరవై కిలోలు కాలింది. అంటే రెండు లక్షలు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నా. అయితే ఏంటి?"

"మంటకి నూనె ఒక్కటే చాలదు, గాలి కావాలి. పెట్రోలు, కిరసనాయిలు, మైనం, ఇవన్నీ ఒక్క కుటుంబమే. వీటిల్లో ఏది కాలినా సరే, ఒక ఘనపు మీటరు గాలి మొత్తం వాడుకుంటే వచ్చే వేడి దాదాపు ఒక్కటే. ఎనిమిది వందల అరవై. ఈ గదిలో ఎంత గాలుంది? మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. మొత్తం గాలి వాడేసినా ఇరవై మూడు వేలు దాటదు. కానీ మొత్తం వాడలేదు. ఆక్సిజన్ మూడో వంతు తగ్గేసరికి మంటకే ఊపిరాడదు, ఆరిపోతుంది. అంటే ఏడెనిమిది వేలు. తలుపు మూసుంటే ఈ గదిలో ఒక్క లీటరు కిరసనాయిలు కూడా పూర్తిగా కాలదు."

అతను గది చుట్టూ చూశాడు. మొహంలో వెటకారం తగ్గింది.

"మూసిన గదిలో ఎనిమిది వేలు రావాలి. వచ్చింది రెండు లక్షలు," అన్నాను. "ఇలాంటివి పాతిక గదులుంటే తప్ప సరిపోని గాలి. ఎక్కణ్ణించి వచ్చింది?"

"కన్నం ఉందిగా." పైకి చూపించాడు.

"అందులోంచి పొగ బయటికి తోసుకుంటూ పోతుంటే గాలి లోపలికి ఎలా దూరుతుంది? ఒకవేళ దూరినా ఇంత మైనం కాలడానికి సాయంత్రమయ్యేది. తలుపు తీసుంది ఇన్‌స్పెక్టర్ గారూ. ఓరగా కూడా కాదు, బార్లా తీసుంది. అదీ తక్కువలో తక్కువ అరగంట."

అతను గుమ్మం వైపు చూసి అన్నాడు, "చచ్చిపోతున్న మనిషి లేచి తలుపు తీసి, కాలిపోయాక మళ్ళీ గడియ పెట్టుకోడు కదా."

"పెట్టుకోడు. పదండి, తలుపునే అడుగుదాం."

పెళ్ళగించిన తలుపును పెరట్లో గోడకు ఆనించారు. పోలీసులు రెండు వైపులా ఫోటోలు తీసుకున్నారు గానీ అంచును ఎవరూ చూడలేదు. తలుపు మూసి ఉంటే అంచు ద్వారబంధంలో ఒదిగి ఉంటుంది, మంట దాని దాకా రాదు. నేను చేత్తో రుద్ది చూశాను. అంచు పొడుగునా బొగ్గు. గుడ్డ పట్టీ పైనుంచి కింద దాకా బూడిదై రాలిపోయింది. గునపం దెబ్బకు వంగిన గడియ కొస కూడా మసి పట్టి నల్లగా ఉంది. మంట వచ్చినప్పుడు ఆ కొస గోడ కన్నంలో దాక్కుని ఉండాల్సింది. ఇన్‌స్పెక్టర్ టార్చి తెచ్చి ఆ కన్నంలోకి వేసి చూశాడు. అందులోనూ మసే.

"ఎవరో తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు," అన్నాడు. గొంతు తగ్గింది. "అరగంట సేపు నిలబడి చూశారు."

మంటలో మనిషి, గుమ్మంలో మరో మనిషి. అలా నిలబడగలిగిన వాళ్ళు ఇప్పుడు ఈ ఇంట్లోనే ఎక్కడో ఉన్నారు.

అతను టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "థాంక్స్ మేడం. ఇప్పటిదాకా కూతురు పెట్రోలు పోసి వెళ్ళిపోయిందనుకున్నా. నిలబడి చూసిందని మీరే రుజువు చేశారు. మూడు షాపుల్లో సరుకు దింపడానికి మూడు గంటలా? మధ్యలో వెనక్కి వచ్చి ఉంటుంది."

పిల్లను గట్టెక్కిద్దామని వేసిన లెక్క ఆమె మెడకే చుట్టుకుంది.

"మీకేమైనా మతి పోయిందా? తొందరపాటుకి కూడా ఒక హద్దుండాలి."

"కోపం ఎందుకు మేడం? లెక్క మీదేగా."

అతన్ని అక్కడే వదిలేసి మైనం గదిలోకి వెళ్ళాను. ఆ ఇత్తడి మూత నా కోసమే కాచుకున్నట్టు మెరుస్తోంది. చేతికి గుడ్డ చుట్టుకుని మూత తిప్పాను. లోపల నీళ్ళు మెడ దాకా నిండుగా ఉన్నాయి.

ఇది ఎలా కుదురుతుంది? గరిటె కరిగిన మంట. రెండు లక్షల్లో పదో వంతు ఈ నీళ్ళకు చేరిందనుకున్నా ఇరవై వేలు. అరవై లీటర్లు మరగడానికి నాలుగు వేలు చాలు. మిగతా పదహారు వేలూ నీళ్ళను ఆవిరి చెయ్యడానికే పోవాలి. లీటరుకు ఐదు వందల నలభై చొప్పున ముప్ఫై లీటర్ల దాకా ఆవిరైపోయి ఉండాలి. ఫోన్ లైటు వేసి చూస్తే, నీళ్ళ అడుగున లోపలి గోడ మీద సగానికి కాస్త కింద కొత్తగా కట్టిన తెల్లని చార కనబడింది. నీళ్ళు అక్కడిదాకా దిగాయి. తర్వాత ఎవరో నింపారు. నింపి, మూత బిగించి, దానికి పట్టిన మసిని శుభ్రంగా తుడిచి వెళ్ళారు.

శవం పక్కన నిలబడి.

ఎందుకు? దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. ఎంతసేపు ఆలోచించినా ఒక్క జవాబే దొరికింది. లాభం కోసం చెయ్యలేదు. చెయ్యి చేసుకుపోయింది, అంతే. పొయ్యి పక్కన నీళ్ళు తగ్గితే ఊరుకోని చెయ్యి అది. అలాంటి చెయ్యి ఈ ఇంట్లో ఇద్దరికే ఉంది. ఒకరు నన్ను పిలిపించినవారు, ఇంకొకరు ఎవరి కోసం పిలిపించారో వారు.

బయటికి వచ్చి, "నాలుగింటిలోపు ఒక చిన్న పరీక్ష చెయ్యనిస్తారా?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాను. "తర్వాత మీ ఇష్టం. నోరెత్తను."

"మీరు నోరెత్తకపోవడమా? అది చూడ్డానికైనా ఒప్పుకోవాలి," అన్నాడు.

రంగు కొవ్వొత్తుల గదిలో ఇంకో గంగాళం ఉంది, చిన్నది. దానికీ రెండు గోడలే, దానికీ ఇత్తడి మూతే, అడుగున నీళ్ళు వదిలే కుళాయి. అందులో కాస్త మైనం ఉంది. పాపనీ చిన్నాన్ననీ పిలిచి, కిరసనాయిలు ఎంత వేడి ఇస్తుందో ఇన్‌స్పెక్టర్ గారికి చూపించాలి, సాయం చెయ్యండి అన్నాను. చిన్నాన్న పొయ్యి వెలిగించాడు. నీలం మంట బుసకొట్టింది. పాప గోడ పక్కన నిలబడింది.

"పొయ్యిలో అర లీటరు పోశాం. దాంట్లో ఉన్న వేడి నాలుగు వేలు," అని మొదలుపెట్టాను. మాట్లాడుతూనే కింద కూర్చుని, వేడి చూస్తున్నట్టుగా కుళాయి తిప్పి బకెట్ పెట్టాను. నీళ్ళు ధారగా పడుతున్నాయి. "అందులో సగం గాలికి పోతుంది. మిగతా సగం గంగాళానికి..."

బకెట్ నిండింది. దాన్ని జరిపి ఇంకోటి పెట్టాను. లెక్క ఆపలేదు. ఇన్‌స్పెక్టర్ ఆవులించాడు. చిన్నాన్న మాత్రం నా మాట వినడం లేదు. ఆయన కళ్ళు బకెట్ మీద ఉన్నాయి.

"మేడం, నీళ్ళు..." అన్నాడు మెల్లిగా.

విననట్టు ఊరుకున్నాను. రెండో బకెట్ సగమైంది. పొయ్యి బుసకొడుతూనే ఉంది. గంగాళం అడుగున చిటపట మొదలైంది.

"మేడం, నీళ్ళు అయిపోతున్నాయి!"

పాప కూడా ఒక అడుగు ముందుకు వేసింది, కానీ ఆయనే ముందు చేరాడు. నన్ను పక్కకు నెట్టినంత పని చేసి కుళాయి కట్టేశాడు. మూత తిప్పి, గరాటు పెట్టి, బకెట్ ఎత్తి నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. గరాటు తీసి మూత బిగించాడు. భుజం మీది తువ్వాలు లాగి మూతను గుండ్రంగా తుడిచాడు, దాని మెడనూ తుడిచాడు. ఆ తర్వాత వేలి కణుపుతో గంగాళాన్ని ఒక్క దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని, తృప్తిగా తల ఊపాడు.

ఇన్‌స్పెక్టర్ ఆవులింత సగంలోనే ఆగిపోయింది.

"ఎందుకు తుడిచారు?" అన్నాను.

"ఏంటి మేడం?"

"మూత."

ఆయన తన చేతిలోని తువ్వాలు వంక అప్పుడే చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"చిన్నాన్నకి అలవాటు మేడం," పాప జవాబిచ్చింది. చిన్నాన్నను వెనకేసుకొస్తున్నాననుకుంది పిచ్చిపిల్ల. "నేనూ నాన్నా తుడవం. నాన్న విసుక్కునేవాడు కూడా, మూతకి ముస్తాబులు చేస్తూ కూర్చో అని..."

ఆగిపోయింది. పొద్దున తొంగి చూసిన గది ఆమె కళ్ళ ముందుకు రావడం నాకు కనబడింది. నల్లటి గది, మెరిసే మూత.

"చిన్నాన్నా, నువ్వు లోపలికి వెళ్ళలేదన్నావు."

ఆయన తువ్వాలును మడత పెట్టసాగాడు. ఇన్‌స్పెక్టర్ మెల్లిగా జరిగి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి వెళ్ళలేదన్నావు కదా చిన్నాన్నా!"

"ఖాళీ గంగాళం చూడలేను పాపా," అన్నాడు. నేల మీద చతికిలబడ్డాడు. "పొగ తగ్గాక చూద్దునుగదా, నీళ్ళు సగానికి దిగిపోయి సుర్రుమంటున్నాయి. చెయ్యి ఆగలేదు."

"ఎందుకు చేశావు?"

"నీ పేరున రాస్తున్నానన్నాడు. రాయి అన్నయ్యా, పాప నాకూ కూతురే కదా అన్నాను. అప్పుడన్నాడు, రేపట్నించి నువ్వు దాని దగ్గర జీతగాడివి, నీ హద్దుల్లో నువ్వుండు అని. జీతగాడన్నాడమ్మా. ఇద్దరం కలిసి కొన్న గంగాళం అది. ఒళ్ళు తెలీలేదు, తోశాను. తల అంచుకి తగిలింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను, ఊపిరి లేదు. నాకు చేతులాడలేదు. కాలిపోతే పొయ్యి పేలిందనుకుంటారని... వరండాలో డబ్బా కనబడింది. అది నీదని తట్టలేదు. నిన్ను పట్టుకుంటారని తెలిస్తే ముందే చెప్పేసేవాణ్ణి. ఒట్టు."

"తలుపెందుకు తీసి ఉంచారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"మూస్తే ఆరిపోతుంది కదా సార్. మైనం పనివాణ్ణి, అది నాకు తెలీదా? బాగా కాలాక మూశాను. మూయగానే ఆరిపోయింది. అప్పుడు గడియ బయటికి జరిపి, లోపల పెట్టుకున్నట్టు కనబడేలా గునపంతో వంచి తలుపు పెళ్ళగించాను." పాప పాదాల దాకా చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు. "నాన్నకి నొప్పి తెలీలేదు పాపా. అప్పటికే పోయాడు. పోయినవాణ్ణే కాల్చాను."

పాప నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు, కానీ చూపు కదలడం లేదు.

"నిజమేనా మేడం? నాన్నకి తెలీలేదా?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. ఊపిరితిత్తుల్లో మసి సంగతి ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. ప్రతి ప్రశ్నకూ అంకెతో జవాబివ్వడం నా అలవాటు. ఆ పిల్ల ముందు అబద్ధం చెప్పాలని గట్టిగా అనుకున్నాను. చెప్పలేకపోయాను.

నా మొహం ముందుగా చదివింది చిన్నాన్న. ఆయన చూపు నా మొహం మీంచి ఇన్‌స్పెక్టర్ మీదికి, అక్కణ్ణించి గుమ్మానికున్న తలుపు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి. నలభై ఏళ్ళుగా మంటతో బతికిన మనిషి, నా అట్టముక్క ఆయనకు అక్కర్లేదు.

"అంటించగానే మూసేసి ఉంటే," అన్నాడు, "రెండు నిమిషాల్లో ఆరిపోయేది."

ఆయన చూపు తలుపు మీంచి నా మీదికి తిరిగింది.

"దానంతటదే ఆరిపోయేది కదా మేడం?"